"దీనికి ఓపిక లేదు": డీప్ బ్లూ మీద వచ్చిన ఒక ఫిర్యాదు, మా చెస్ ప్రోగ్రామ్ మీద వచ్చిన అదే ఫిర్యాదు

నేను హైదరాబాద్‌లో పగలు వేరే సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. రాత్రిళ్ళు సొంతంగా ఒక చెస్ ప్రోగ్రామ్ రాసుకుంటాను. దాన్ని ఆడి చూసిపెట్టేది గుంటూరులో పిల్లలకి చెస్ నేర్పే ఒక మాస్టారు. పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక పుట్టిన ఊరు కాబట్టి అక్కడ చెస్ బాగా తెలిసిన మనిషి దొరకడం కష్టం కాదు. కానీ ఓడిపోయిన ఆటనీ, గెలిచిన ఆటనీ ఒకే శ్రద్ధతో తిరగేసే మనిషి దొరకడం కష్టం. నాకు దొరికారు.

ఒకరోజు రాత్రి పదిన్నరకి ఫోన్ చేశారు.

"అబ్బాయ్, నీ ప్రోగ్రామ్‌కి ఓపిక లేదయ్యా."

"ఓడిపోయిందా మాస్టారూ?"

"గెలుపోటముల సంగతి తరవాత. ఫైలు తెరవడానికి దానికెందుకంత తొందర? రెండో ఏనుగు వచ్చేదాకా ఆగలేదా?"

ఆ మాట వినగానే నాకు ఐబీఎం వాళ్ళ చెస్ యంత్రం డీప్ బ్లూ గుర్తొచ్చింది. ఐబీఎం జట్టుకి గ్రాండ్‌మాస్టర్ జోయెల్ బెంజమిన్ చెప్పిన ఫిర్యాదు దాదాపు ఇదే. అందుకే ఈ రెండు కేసుల్నీ పక్కపక్కన పెట్టి రాస్తున్నాను. ఒకటి చరిత్రకెక్కింది. రెండోది మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. రోగం మాత్రం ఒకటే.

పావుల పేర్ల గురించి ఒక మాట. రూక్‌ని ఏనుగు అనీ, క్వీన్‌ని మంత్రి అనీ రాస్తాను. బిషప్‌ని కొందరు శకటు అంటారు, కొందరు ఒంటె అంటారు. గందరగోళం ఎందుకని బిషప్ అనే ఉంచేస్తున్నాను. ఫైలు అంటే బోర్డు మీద నిలువు వరుస. ఎ నుంచి హెచ్ దాకా ఎనిమిది ఫైళ్ళు, అడ్డ వరుసలకి 1 నుంచి 8 దాకా అంకెలు, కాబట్టి ఎ4 అంటే ఎ-ఫైలులో నాలుగో గడి. బంట్లు అడ్డంలేని ఫైలుని తెరిచిన ఫైలు అంటారు.

ఫిలడెల్ఫియా నుంచి న్యూయార్క్ దాకా

1996 ఫిబ్రవరి 10న ఫిలడెల్ఫియాలో డీప్ బ్లూ మొదటి ఆటలోనే గ్యారీ కాస్పరోవ్‌ని ఓడించింది. పదవిలో ఉన్న ప్రపంచ ఛాంపియన్‌ని పూర్తి నిడివి ఆటలో ఒక యంత్రం ఓడించడం అదే మొదలు. ఆ తరవాత కాస్పరోవ్ తేరుకుని మూడు గెలిచి, రెండు డ్రా చేసి, మ్యాచ్‌ని 4–2తో ముగించాడు. చివరి ఆట చూస్తే నాకు ఇప్పటికీ జాలేస్తుంది. నల్లపావులతో ఆడిన డీప్ బ్లూ ఏనుగూ బిషప్పూ మంత్రివైపు మూలలో ఇరుక్కుపోయాయి. పావుల లెక్క చూస్తే అంత నష్టం కనపడదు. కదలలేని పావు పావే కాదన్న సంగతి ఆ యంత్రానికి సరిపడా తెలియదు. ఎన్ని కోట్ల స్థానాలు వెతికినా, ప్రతి స్థానానికీ వేసే మార్కులే తప్పయితే వెతుకులాట ఆ తప్పునే మరింత లోతుగా వెతికి పెడుతుంది.

జట్టులో ముఖ్యులు ముగ్గురు. చిప్ తయారుచేసిన ఫెంగ్-షుంగ్ షూ, స్థానానికి మార్కులు వేసే భాగం చూసిన ముర్రే క్యాంప్‌బెల్, వెతుకులాట సాఫ్ట్‌వేర్ చూసిన జో హోన్. వీళ్ళ పక్కన బెంజమిన్ కూర్చున్నాడు. ఆయన 1987లో అమెరికా ఛాంపియన్. ఓపెనింగ్‌ల (ఆట మొదట్లో ఆడే ఎత్తుల) పనికి మిగెల్ ఇయెస్కాస్, జాన్ ఫెడరోవిచ్, నిక్ డి ఫిర్మియన్ అనే మరో ముగ్గురు గ్రాండ్‌మాస్టర్లు తోడయ్యారు. బెంజమిన్ పనిని చాలామంది "యంత్రానికి చెస్ నేర్పడం" అనుకుంటారు. నేను ఈ పనిలో దిగాక అర్థమైంది, అది నేర్పడం కాదు. డాక్టర్ దగ్గర రోగి చెప్పలేని నొప్పిని పక్కన కూర్చున్న మనిషి చెప్పడం లాంటిది.

ఆయన యంత్రంతో ఆడేవాడు. నచ్చని ఎత్తు కనపడగానే ఆపి, ఎందుకు నచ్చలేదో చెప్పేవాడు. అలా చెప్పినవాటిలో ఒకటి ఇది. తన బంటుతో ఎదుటి బంటుని కొట్టే వీలుంటే డీప్ బ్లూ ఆగేది కాదు. కొట్టేసేది, ఫైలు తెరుచుకునేది. కాసేపటికి ఏనుగులన్నీ ఆ ఫైలు మీదే మార్పిడి అయిపోయి, ఆట చప్పబడిపోయేది. మంచి ఆటగాడు అలా చేయడు. ముందు ఏనుగులని ఆ ఫైలులో తన బంటు వెనక నిలబెట్టుకుంటాడు. ఎప్పుడు తెరవాలో తాళంచెవి తన చేతిలోనే ఉంచుకుంటాడు.

కారణం చిన్నదే. అప్పటి మార్కుల పద్ధతిలో తెరిచిన ఫైలు మీద ఉన్న ఏనుగుకి మార్కులున్నాయి. తెరవగలిగిన ఫైలు మీద ఉన్న ఏనుగుకి లేవు. మార్కులు కావాలంటే తెరవాల్సిందే, అందుకే తెరిచేది.

ఇవాళ నా ల్యాప్‌టాప్‌లో అయితే ఇది పది వరుసల మార్పు. వాళ్ళకి అంత తేలిక కాలేదు. డీప్ బ్లూలో మార్కులు వేసేది సిలికాన్ చిప్. ఏ లక్షణానికి ఎన్ని మార్కులో సాఫ్ట్‌వేర్‌తో మార్చుకోవచ్చు, కానీ అసలు ఆ లక్షణాన్ని గుర్తుపట్టే తీగలు చిప్‌లో ఉండాలి. అంటే బెంజమిన్ ఫిర్యాదు చిప్ తయారీకి వెళ్ళేలోపే రావాలి, సర్క్యూట్‌గా మార్చగలిగేంత స్పష్టంగా ఉండాలి. షూ ఆ మార్పు చిప్‌లో చేశాడు. 1996 నాటి చిప్ సుమారు 6,400 లక్షణాలు గుర్తుపట్టేది, 1997 నాటిది 8,000 దాకా గుర్తుపట్టింది. అలాంటి చిప్‌లు 480, అన్నీ కలిసి సెకనుకి 20 కోట్ల స్థానాల దాకా చూసేవి. పత్రికలన్నీ ఈ 20 కోట్ల గురించే రాశాయి. ఈ పని చేసేవాడిగా నన్ను ఆపేసేది మాత్రం ఆ కొత్త లక్షణాలు, ముఖ్యంగా ఏనుగు వెనక నుంచి కాపుకాసే ఈ ఒక్క లక్షణం.

రెండో ఆట, 19 నుంచి 36 దాకా

కాస్పరోవ్‌తో న్యూయార్క్‌లో మళ్ళీ జరిగిన మ్యాచ్‌లో, 1997 మే 4 నాటి రెండో ఆటని మీరూ బోర్డు మీద వేసి చూడండి. డీప్ బ్లూ తెల్లపావులు. 19వ ఎత్తులో ఎ-బంటుని ఎ4కి తోసింది. నల్లవాళ్ళ బంట్లు ఎ6, బి5లో ఉన్నాయి. అంటే ఆ క్షణం నుంచే ఎ4 బంటుతో బి5ని కొట్టి ఫైలు తెరవచ్చు.

తెరవలేదు. 22వ ఎత్తులో ఇంకో బంటుని బి4లో పెట్టింది. ఇప్పుడు నల్లబంటు బి5 నుంచి ముందుకి జారిపోయే దారి మూసుకుపోయింది. 24వ ఎత్తులో ఒక ఏనుగు ఎ3కి వచ్చింది. 25లో రెండో ఏనుగు సి1 నుంచి ఎ1కి వచ్చింది. రెండు ఏనుగులూ తమ బంటు వెనక ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి. ఆ తరవాత కూడా పది ఎత్తులు ఫైలు తెరవకుండానే ఆడుతూ పోయింది. నల్లవాళ్ళ ఏనుగులేమో ఎ-ఫైలుని వదిలి వెళ్ళలేవు, ఎప్పుడు తెరుస్తారో తెలియదు కాబట్టి. 36వ ఎత్తులో గానీ బి5ని కొట్టలేదు.

17 ఎత్తులు ఆగింది. సంవత్సరం కిందట ఆగలేని యంత్రం.

36వ ఎత్తులో మంత్రి బి6కి వెళ్ళి బంట్లు తింటుందని కాస్పరోవ్ అనుకున్నాడు. అది బి5ని కొట్టి, వెంటనే బిషప్‌ని ఇ4లో నిలబెట్టింది. వెనక మనిషి చెయ్యి ఉందని ఆయనకి అనుమానం వచ్చింది, లాగ్‌లు (యంత్రం తన లెక్కల్ని రాసుకున్న రికార్డులు) చూపించమని అడిగాడు. ఐబీఎం వాటిని తరవాత బయటపెట్టింది. నా అంచనా ఏమిటంటే, 36, 37 ఎత్తులు లోతైన వెతుకులాట వల్ల వచ్చినవి. మనిషి జాడ కోసం చూడాల్సిన చోటు 24, 25 ఎత్తులు. అక్కడ బెంజమిన్ ఫిర్యాదు కనిపిస్తుంది, కాకపోతే అది నెలల ముందే చిప్‌లో చేరిపోయింది.

45వ ఎత్తు తరవాత కాస్పరోవ్ ఓటమి ఒప్పుకున్నాడు. ఆ స్థానంలో మంత్రిని ఇ3కి తెస్తే రాజుకి వరుసగా చెక్‌లు చెబుతూ డ్రాకి దారి ఉందని తరవాత విశ్లేషకులు చూపించారు. ఆ దారి ఆయనకీ కనపడలేదు. యంత్రం ఆ దారిని తెరిచే పెట్టింది. ఒక లక్షణం సరిచేస్తే ఒక లక్షణమే సరవుతుంది, అంతకంటే ఆశించకూడదు. చివరికి మ్యాచ్ 3.5–2.5తో డీప్ బ్లూదైంది. ఆరో ఆటలో గుర్రాన్ని ఇ6 మీద బలిచ్చిన ఎత్తు మాత్రం యంత్రం కనిపెట్టింది కాదు, ఓపెనింగ్ పుస్తకంలోంచి వచ్చింది. అదీ ఆటగాళ్ళు చేసిన పనే. దాన్ని ఆ రోజు ఉదయమే ఎక్కించామని ఇయెస్కాస్ తరవాత చెప్పాడు.

మా కేసు

మాస్టారు ఫిర్యాదు చేసిన రాత్రి ఆయన నోటుబుక్కు పేజీ ఫోటో తీసి పంపారు. పిల్లలకి హోంవర్క్ ఇచ్చే గళ్ళ పుస్తకం. పై సగంలో స్థానం గీశారు. తెల్లవాళ్ళ బంట్లు ఎ4, బి4లో. నల్లవాళ్ళవి ఎ6, బి5లో. తెల్ల ఏనుగులు ఎ1, ఎఫ్1లో. నల్ల ఏనుగులు రెండూ డి8, ఇ8లో. కింద నాలుగు వరుసలు:

"ఇక్కడ బంటుని కొట్టింది. తప్పు. నల్ల ఏనుగు ఎ8కి వచ్చి మార్పిడి చేసుకుంది, ఏమీ మిగల్లేదు. ఎఫ్1 ఏనుగు కూడా ఎ-ఫైలుకి వచ్చాక కొట్టాలి. ఇదే జబ్బు మొన్న హెచ్-ఫైలు మీద కూడా చూశాను."

నాకు చివరి వాక్యం అన్నిటికంటే పనికొచ్చింది. "చెత్తగా ఆడింది" అని చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆ మాటతో నేనేం చేయలేను. ఏ స్థానంలో, ఏ ఎత్తు, దానికి బదులు ఏది, అదే ఆకారం ఇంకెక్కడ కనిపించింది అని నాలుగూ చెబితే, సగం కోడ్ రాసిచ్చినట్టే. కొన్ని తప్పులు పట్టుకోవడానికి మనిషి అక్కర్లేదు. ఎత్తులు సరిగ్గా పుట్టిస్తోందా లేదా అన్నది లెక్కలోనే తేలుతుంది. మొదటి స్థానం నుంచి ఒక ఎత్తుకి 20 దారులు, రెండుకి 400, మూడుకి 8,902, నాలుగుకి 1,97,281 రావాలి. ఒక్కటి తేడా వచ్చినా ఎక్కడో తప్పుంది. కానీ "ఆగాల్సిన చోట ఆగలేదు" అన్నది ఏ లెక్కా చెప్పదు. అది చెప్పాల్సింది మాస్టారే.

ఆ స్థానాన్ని ప్రోగ్రామ్‌కి ఇచ్చి మార్కుల పట్టీ తెరిచాను. ఎ1 ఏనుగుకి ఫైలు కింద సున్నా. బంటు కొట్టాక అదే ఏనుగుకి పూర్తి మార్కులు. నల్ల ఏనుగు ఎ8కి వస్తే ఆ మార్కులు రద్దవుతాయి, కానీ వెతుకులాట చివర్లో ఎక్కడో ఒకచోట నల్లవాళ్ళకి వేరే అత్యవసరం కనిపిస్తే మనకి లాభంలాగే తేలుతుంది. డీప్ బ్లూకి పట్టిన జబ్బే.

మొదటి మందు మోతాదు ఎక్కువైంది. కొట్టగలిగే బంటు ఉన్న ఫైలు మీద ఏనుగుకి, తెరిచిన ఫైలుకి ఇచ్చినన్ని మార్కులే ఇచ్చాను. మర్నాడు మాస్టారు నుంచి ఫోన్.

"ఇప్పుడు అసలు తెరవట్లేదయ్యా. తలుపు ముందు నిలబడి బెల్లు కొట్టడం మర్చిపోయినట్టుంది."

నిజమే. తెరిచినా తెరవకపోయినా మార్కులు సమానమైతే ఇక తెరవడం ఎందుకు? మార్కుల్ని మూడో వంతుకి తగ్గించాను. రెండో ఏనుగు కూడా అదే ఫైలులో ఉంటే ఇంకొంచెం కలిపాను.

రెండో ఇబ్బంది నాకు తోచలేదు, మాస్టారే పట్టుకున్నారు. ఇంకో ఆటలో మా ప్రోగ్రామ్ రెండు ఏనుగుల్నీ ఎ-ఫైలులో చక్కగా నిలబెట్టింది. నల్లవాళ్ళు తాపీగా బి5 బంటుని బి4కి తోసేశారు. ఇక కొట్టడానికి ఏమీ లేదు, ఫైలు మూసుకుపోయింది, రెండు ఏనుగులూ గోడ ముందు మిగిలాయి. "బి4లో మన బంటు ఉండాలి కదా అబ్బాయ్, లేకపోతే వాడెందుకు ఆగుతాడు?" అన్నారు. అప్పుడు మళ్ళీ వెళ్ళి న్యూయార్క్ ఆట 22వ ఎత్తు చూశాను. ఎన్నోసార్లు చూసిన ఆట. ఆ బంటు అక్కడికి ఎందుకు వెళ్ళిందో ఆ రోజు గానీ నాకు పూర్తిగా తలకెక్కలేదు. ఎదుటి బంటు జారిపోగలిగితే మార్కులు ఇవ్వకూడదన్న షరతు చేర్చాను.

మూడోది మాత్రం నా పొరపాటే. మాస్టారు ఇచ్చిన ప్రతి స్థానాన్నీ నేను రంగులు తిప్పి, కుడిఎడమలు తిప్పి నాలుగు స్థానాలుగా పెట్టుకుంటాను. నాలుగింటికీ ఒకే మార్కులు రావాలి. తెల్లవాళ్ళకి వచ్చాయి, నల్లవాళ్ళకి సున్నా. బంటు కొట్టే దిక్కు నల్లవాళ్ళకి తలకిందులు చేయడం మర్చిపోయాను. ఇలా తిప్పి చూడకపోతే ఈ తప్పు ఎన్నాళ్ళైనా దాక్కునేది, ఎందుకంటే సగం ఆటల్లో కొత్త కోడ్ బాగానే పనిచేస్తోంది.

అసలు టెన్షన్ ఇక్కడ

కోడ్ రాశాక పాత ప్రోగ్రామ్‌తో కొత్తది ఆడించాలి. మొదటిసారి ఈ పని చేసిన ప్రతివాడూ చేసే తప్పే నేనూ గతంలో చేశాను. 100 ఆటలు ఆడించి, కొత్తదానికి 54 పాయింట్లు వస్తే పండగ చేసుకోవడం. 54 శాతం అంటే, ఆటగాళ్ళ బలాన్ని కొలిచే ఈలో రేటింగ్‌లో సుమారు 28 పాయింట్ల తేడా. కానీ 100 ఆటల్లో అదృష్టం వల్లే అటూ ఇటూ 50, 60 పాయింట్లు ఊగుతుంది. అంటే ఆ 54కి అర్థమే లేదు. ఐదు పాయింట్ల మెరుగుదల నిజమో కాదో తేలాలంటే పదివేల ఆటలకి పైనే కావాలి. మాస్టారు ఆ లెక్క విని చాలాసేపు మాట్లాడలేదు. "జీవితంలో నేను అన్ని సీరియస్ ఆటలు ఆడి ఉండను" అన్నారు.

ఈ పనిని ఇప్పుడు అందరికంటే పద్ధతిగా చేసేది స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రామ్ వాళ్ళు. 2008లో గ్లౌరుంగ్ అనే ప్రోగ్రామ్ నుంచి పుట్టిన స్టాక్‌ఫిష్‌కి 2013లో గ్యారీ లిన్‌స్కాట్ ఫిష్‌టెస్ట్ అనే వేదిక కట్టాడు. ఎవరైనా మార్పు పంపవచ్చు. వాలంటీర్ల కంప్యూటర్లు ఆటలాడతాయి. ముందే ఇన్ని ఆటలని అనుకోకుండా, ఫలితాలు వస్తున్నకొద్దీ ఒక సంఖ్య పైకీ కిందకీ కదులుతుంది. అది 2.94 దాటితే మార్పు పాస్, మైనస్ 2.94 కిందకి పడితే ఫెయిల్. ముందు తక్కువ టైమ్‌తో, అందులో నెగ్గితే ఎక్కువ టైమ్‌తో. నేను ఇంట్లో చేసేది దీనికి చిన్న నమూనా. ఒక ఓపెనింగ్‌ని రెండుసార్లు, రంగులు మార్చి ఆడిస్తాను, ఓపెనింగ్ ఎవరికి అనుకూలమన్న గొడవ ఉండకుండా.

ఆ సంఖ్యని చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో చూస్తే గానీ తెలియదు. మా ఫైలు మార్పు ఒక దశలో కిందకి జారింది. నేను ఆపేద్దామనుకున్నాను. మధ్యలో ఆపడమంటే మనకి నచ్చిన జవాబు దొరికేదాకా అడగడమే, అందుకే చెయ్యి కట్టేసుకున్నాను. మూడో రోజు పొద్దున పైగీత దాటింది.

మాస్టారి ఫిర్యాదులన్నీ ఇలా నెగ్గలేదు. సగానికి పైగా ఓడిపోయాయి. రాజు ముందు బంట్ల గురించి ఆయన చెప్పిన ఒక మాట చెస్ పరంగా నూటికి నూరుపాళ్ళు నిజమని నేను ఇప్పటికీ నమ్ముతాను. మూడు రకాలుగా రాశాను, మూడూ ఫెయిల్. ఆ లక్షణం లెక్కపెట్టడానికి పట్టే సమయంలో ప్రోగ్రామ్ అంత తక్కువ లోతు చూస్తోంది, లాభం అక్కడే కరిగిపోతోంది. ఆయనకి చెప్పడానికి నాకు మనసు రాలేదు, కానీ చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. "మరి నువ్వు రాసింది నేను చెప్పిందేనా?" అని అడిగారు. ఆ ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు. పరీక్షలో ఓడేది ఎప్పుడూ నేను రాసిన కోడే. ఆయన చెప్పిన చెస్ మాట తప్పని దానివల్ల తేలదు.

బెంజమిన్‌కి ఈ పదివేల ఆటల సౌకర్యం లేదు. షూకి చిప్ తయారయ్యాక మళ్ళీ మార్చే వీలూ లేదు. ఇద్దరూ ఒక మనిషి చూపుని నమ్మి సిలికాన్‌లో పెట్టారు. మాకేమో ప్రతి చూపునీ నిలదీసే వీలుంది. మా పద్ధతే మెరుగని నా అభిప్రాయం. కానీ ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది. పరీక్ష సగటుని చూస్తుంది. వెయ్యి ఆటలకి ఒకసారి వచ్చే గుడ్డిచోటు సగటులో కనపడదు. 2003 నవంబరులో న్యూయార్క్‌లో ఎక్స్3డి ఫ్రిట్జ్‌తో మూడో ఆటలో కాస్పరోవ్ బంట్లన్నీ బిగించి బోర్డుని మూసేశాడు. ప్రోగ్రామ్‌కి ఏం చేయాలో తోచక పావుల్ని ముందుకీ వెనక్కీ తిప్పింది, ఓడిపోయింది. అలాంటి చోటుని వెతికి పట్టుకునేది ఇప్పటికీ ఆటగాడే.

2020 సెప్టెంబరులో వచ్చిన స్టాక్‌ఫిష్ 12 నుంచి మార్కులు వేసే పనిలోకి న్యూరల్ నెట్‌వర్క్ (ఉదాహరణల నుంచి తానే నేర్చుకునే పద్ధతి) వచ్చింది. షోగీ అనే జపాన్ చెస్ ఆట కోసం 2018లో యు నాసు తెచ్చిన పద్ధతి అది. తరవాతి వెర్షన్లలో మనుషులు రాసిన లక్షణాల్ని పూర్తిగా తీసేశారు. ఏనుగుకి మూడో వంతు మార్కులివ్వాలని రాయడానికి అందులో చోటే లేదు. మా ప్రోగ్రామ్‌ని కూడా అలా మార్చమని చాలామంది చెప్పారు, బలం చాలా పెరుగుతుందని నాకూ తెలుసు. ప్రస్తుతానికి మార్చలేదు. మాస్టారు చెప్పిన మాట కోడ్‌లో ఏ వరుసలో ఉందో వేలుపెట్టి చూపించగలగడం నాకు కావాలి.

గత నెల ఆయన ఇంకో పేజీ పంపారు. ఈసారి నల్లవాళ్ళు మా ప్రోగ్రామ్. ఎదుటివాళ్ళు ఎ-ఫైలులో రెండు ఏనుగుల్నీ బంటు వెనక నిలబెట్టేదాకా చూస్తూ ఊరుకుంది. దాడి చేయడం నేర్పాం గానీ, తన మీదకి అదే దాడి వస్తుంటే ముందే బి5 బంటుతో ఎ4ని కొట్టి వదిలించుకోవాలా, ఏనుగుని ఎ7కి తెచ్చుకుని కాచుకోవాలా అన్నది దానికి తెలియదు. మార్కులు రెండు వైపులా సమానంగానే ఉన్నాయి, రంగులు తిప్పి చూశాను. తప్పు ఇంకెక్కడో ఉంది. స్థానాన్ని నాలుగు రకాలుగా తిప్పి కంప్యూటర్లో దాచాను, ఎ7 ఏనుగుతో ఒకటి, లేకుండా ఒకటి. మాస్టారు హెచ్-ఫైలు మీద కూడా ఇలాంటిది దొరుకుతుందేమో ఆడి చూస్తానన్నారు.